పల్లకీ, తెల్ల పికప్

ఆ బుర్రకథలో నేను ఎవరి పేరూ చెప్పలేదు. ఏడాదిన్నరగా నాకు నేను చెప్పుకుంటున్న సంజాయిషీ ఇదే. అడిగిన ఒకరిద్దరికీ ఇదే చెప్పాను. "నేనెవర్నీ అనలేదండీ, అది ఎప్పటిదో బైజాంటైన్ కథ" అన్నాను, ముఖం నిబ్బరంగా పెట్టుకుని. పేరెత్తకుండానే ఒక మనిషిని హాలంతటి ముందూ నిలబెట్టి పరువు తీయవచ్చని నాకు తెలుసు. తెలిసే చేశాను. ఇప్పుడు ఇది రాసేటప్పుడు కూడా ఎవరి పేర్లూ రాయబోవడం లేదు. వాళ్లకు చేసింది చాలు.

మేం మస్కట్ వచ్చి పదకొండేళ్లయింది. మా ఆయనకు ఖురంలో ఆఫీసు. ఘుబ్రాలో మూడో అంతస్తులో మా ఫ్లాటు. వెనక బాల్కనీలోంచి చూస్తే ఏమీ కట్టకుండా వదిలేసిన జాగా, కంకరా మట్టీ, అవతల ఎవరిదో తెల్ల గోడ. నేను గుంటూరులో ఎమ్మే హిస్టరీ చదివాను. నాలుగేళ్లు కాలేజీలో పాఠాలు చెప్పాను. పెళ్లయ్యాక ఇక్కడికొచ్చి, ఇంట్లోనే పిల్లలకు సోషల్ ట్యూషన్లు చెప్పుకుంటున్నాను. మా మేనమామ తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో బుర్రకథలు చెప్పేవాడు. చిన్నప్పుడు సెలవుల్లో ఆయన వెంటబడి తిరిగి, తంబురా భుజాన వేసుకోవడం, వేలికి అందె తొడుక్కుని తాళం వేయడం నేర్చుకున్నాను. ఆ విద్య ఒమాన్‌లో అక్కరకొస్తుందని ఆయన కలలో కూడా అనుకుని ఉండడు. ఇక్కడి మా తెలుగు సంఘంలో ప్రతి ఉగాదికీ నాకో పది నిమిషాలు ఇచ్చేవారు. ఆ పది నిమిషాల కోసం నేను మూడు నెలల ముందు నుంచీ ఉబలాటపడేదాన్ని.

ఈ బుర్రకథకు ముందటేడు ఆ పది నిమిషాలూ పూర్తిగా దక్కలేదు. సంఘం కార్యదర్శి స్టేజీ పక్కన నిలబడి, వాచీ చూపిస్తూ, "మేడం, వంటలు చల్లారిపోతున్నాయి, ఇంక ముగించెయ్యండి" అని మైకులోనే అనేశారు. అందరూ నవ్వారు. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు, నేను నిజంగానే సాగదీశాను. కానీ మైకులో అన్నందుకు ఏడాది పొడుగునా మనసులో పెట్టుకున్నాను.

ఆ కార్యదర్శిది మా బిల్డింగే, రెండో అంతస్తు. రాజమండ్రి ఆవిడ. గట్టి గొంతు, చకచకా నడక, ఏ పనైనా తనే నెత్తిన వేసుకునే తత్వం. భర్త రుస్తాఖ్ వైపు ఒక సైట్‌లో ఇంజనీరు. గురువారం సాయంత్రం ఇంటికొచ్చి, శనివారం మళ్లీ వెళ్లిపోయేవాడు. వాళ్లకు ఒకతే అమ్మాయి, ఎనిమిదో తరగతి, నా దగ్గరే ట్యూషన్. నేను ఈ కథ చెప్పిన ఏడాది ఆవిడ సంఘం అధ్యక్ష పదవికి పోటీ చేస్తానన్నారు. అప్పటిదాకా మా సంఘానికి ఆడవాళ్లెవరూ అధ్యక్షులు కాలేదు. ఉగాది సభ ఒక శుక్రవారం, ఎన్నిక ఆ తర్వాతి శుక్రవారం. పాత కమిటీ వాళ్లకు ఆవిడ రావడం ఇష్టం లేదు. మా ఆయన స్నేహితులంతా పాత కమిటీ వాళ్లే.

ఆ ఉగాదికి ముందు డిసెంబరులో ఒకరోజు ఆవిడ మా తలుపు కొట్టి, "ఖాళీ నీళ్ల క్యాన్లు రెండుంటే ఇస్తారా అండీ, నెల రోజుల్లో తిరిగిచ్చేస్తా" అని అడిగారు. ఎందుకని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఆ శుక్రవారం బట్టలు ఆరేయడానికి బాల్కనీలోకి వెళ్తే తెలిసింది. వెనక జాగాలో ఒక తెల్ల పికప్ ఆగి ఉంది. తలుపు మీద ఆవిడ భర్త పనిచేసే కంపెనీ గుర్తు. నేలమీద నాలుగు నీలం క్యాన్లు నాలుగు మూలలా పెట్టి ఉన్నాయి. అందులో రెండు మావి. స్టీరింగ్ దగ్గర ఆవిడ.

ఇక్కడ డ్రైవింగ్ లైసెన్సు తెచ్చుకోవడం ఎంత కష్టమో ఇక్కడ ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. ముందు డ్రమ్ముల టెస్ట్, తర్వాత ఎత్తు మీద బండి ఆపి మళ్లీ ఎక్కించే స్లోప్, ఆ తర్వాత రోడ్డు. నాలుగు డ్రమ్ముల మధ్యకి బండిని వెనక్కి తీసి నిలబెట్టాలి. డ్రమ్ము తగిలిందా, ఇంటికి పొమ్మంటారు. ఆవిడ డ్రమ్ముల దగ్గరే మూడుసార్లు తప్పారని తర్వాత తెలిసింది. సభలో అంత ధాటిగా మాట్లాడే మనిషి ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేకపోయారు. అందుకే భర్త తన సైట్ ఫోర్‌మన్‌ను నేర్పమని అడిగాడు. గురువారం ఆయన్ని రుస్తాఖ్ నుంచి పికప్‌లో తీసుకొచ్చేది ఆ ఫోర్‌మనే. శుక్రవారం ఇక్కడే తెలిసినవాళ్ల రూమ్‌లో ఉండి, శనివారం మళ్లీ తీసుకెళ్లేవాడు. నలభై దాటిన మనిషి, జగిత్యాల వైపు. లైసెన్సున్న మాస్టారు తప్ప వేరేవాళ్లు నేర్పకూడదు ఇక్కడ, పైగా అది కంపెనీ బండి. ఎవరి నోటైనా పడితే ముందు పోయేది ఆ ఫోర్‌మన్ ఉద్యోగమే.

ఆయన బండిలో కూర్చునేవాడు కూడా కాదు. పది అడుగుల దూరంలో ఎండలో నిలబడి రెండు చేతులూ ఊపేవాడు. "రానీ మేడం, రానీ, రానీ, ఇగ బస్" అనే మాట మూడో అంతస్తుకు వినపడేది. క్యాను పడితే వెళ్లి నిలబెట్టేవాడు. ఆవిడ తల బయటపెట్టి ఏదో అనేవారు, ఇద్దరూ నవ్వేవారు. శుక్రవారం నమాజు అయిపోయి, జనం ఇళ్లలో భోజనాలు చేసి కునుకు తీసే వేళ అది. డిసెంబరు నుంచి మార్చి దాకా ప్రతి శుక్రవారం నేను ఆ వేళకే బట్టలు ఆరేశాను.

ఎందుకు చూసేదాన్నో కూడా చెప్పేయాలి. నేనూ ఆ డ్రమ్ముల దగ్గర రెండుసార్లు తప్పాను. ఆ తర్వాత మళ్లీ వెళ్లలేదు. "ఆయనుండగా మనకెందుకండీ డ్రైవింగ్" అని అందరితో నవ్వుతూ అనేదాన్ని. కింద ఆవిడ వారం వారం మెరుగవుతుంటే ఓర్వలేకపోయేదాన్ని. ఒక శుక్రవారం పికప్ ఒక్క ఊపులో వెనక్కొచ్చి, నాలుగు క్యాన్ల మధ్య తిన్నగా నిలబడింది. ఫోర్‌మన్ చప్పట్లు కొట్టాడు. ఆవిడ బండి దిగి, సంతోషం పట్టలేక అటూ ఇటూ చూసి, మా బాల్కనీ వైపు తలెత్తారు. నేను గబుక్కున ఆరేసిన దుప్పటి వెనక్కి తప్పుకున్నాను.

ఆ ఏడాది సభకు కొత్త కథ కావాలన్నారు. నాకు ఎమ్మేలో చదివిన ఒక పుస్తకం గుర్తుకొచ్చింది. అట్ట ఊడిపోయిన లైబ్రరీ పుస్తకం, బైజాంటైన్ రాజుల గురించి. అందులో ఒకటిన్నర పేజీలో ఒక దొరసాని కథ ఉండేది. కాన్‌స్టాంటినోపుల్ కోటలో మహారాణికి చెలికత్తెలాంటి మనిషి, పెద్దింటి వితంతువు. ఆమె అన్న మంత్రి. ఆమెకూ కోట కావలి దళం నాయకుడికీ సంబంధం ఉందని ఒక పుకారు లేచింది. చూసినవాడు లేడు, సాక్ష్యం లేదు. అన్నకు గిట్టని మంత్రులు ఆ పుకారును వంటింటి నుంచి గుర్రపుశాల దాకా తిప్పారు. చివరికి అన్న పదవి పోయింది, నాయకుణ్ని ఎక్కడో సరిహద్దుకు పంపేశారు, దొరసానికి జుట్టు కత్తిరించి సన్యాసినుల మఠానికి తోలారు. ఆ కాలంలో అది రాసిపెట్టిన చరిత్రకారుడు కూడా గిట్టని పక్షం వాడే. అందుకే ఏదీ తాను చూశానని రాయలేదు, జనం అనుకునేవారనే రాశాడు. ఇరవై రెండేళ్ల వయసులో అది చదివి నేను నిజంగా కన్నీళ్లు పెట్టుకున్నాను. నోటికొచ్చింది అనేసే లోకం మీద ఒక బుర్రకథ కట్టాలని అప్పుడే అనుకున్నాను. ఇన్నేళ్లకు మస్కట్‌లో కట్టాను. బాగా కట్టాను, ఆ మాట అబద్ధం చెప్పను.

బుర్రకథలో ముగ్గురుంటారు. నడుమ కథ చెప్పేవాళ్లు. పక్కన గుమ్మెట వాయించే ఇద్దరిలో ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. రాజకీయం వాళ్ల పనేమిటంటే, కథ ఏ కాలానిదైనా సరే, మధ్యలో ఆపి దాన్ని ఇవాళ్టి ఊరి సంగతికి ముడిపెట్టడం. ఆ మాటలు ముందుగా రాసుకోరు, ఖాళీ వదిలేస్తారు. మా మామయ్య ఏ ఊరెళ్లినా ముందు టీ కొట్టు దగ్గర కూర్చుని, ఊళ్లో ఏం జరుగుతోందో వాకబు చేసి, ఆ సాయంత్రానికి ఆ ఖాళీ నింపుకునేవాడు. అయితే ఆయనకొక పట్టింపు ఉండేది. ఊరి సర్పంచినీ ఠాణానూ ఎంత మాటైనా అనేవాడు గాని, ఒకరి ఇంటి సంగతి ఎత్తేవాడు కాదు. వంతపాడేవాడు ఒకసారి ఎవరి కోడలి గురించో చెప్పబోతే లేచి వెళ్లిపోయాడు. అది నా కళ్లారా చూశాను.

మా ఇంట్లోనే రిహార్సల్స్. హాస్యం చెప్పేది ఖురంలో బ్యాంకులో పనిచేసే ఒకాయన, రాజకీయం చెప్పేది ఆయన భార్య. రెండో వారం టీ తాగుతూ ఆయన గొంతు తగ్గించి, "మన కార్యదర్శిగారి సంగతి విన్నారా? శుక్రవారం శుక్రవారం తెల్ల పికప్‌లో దిగుతున్నారట. మొగుడు కాదు, సైట్‌లో ఎవడో ఫోర్‌మనట" అన్నారు.

"మొగుడు ఇంట్లో నిద్రపోతుంటాడటండీ, పాపం" అంది భార్య.

"పాపం ఎవరికో మరి" అన్నారు ఆయన.

నేను పకోడీల పళ్లెం వాళ్ల వైపు జరిపాను. "ఆవిడ మా బిల్డింగే. నేను చూశాను. అందులో ఏమీ లేదు" అంటే సరిపోయేది. డ్రైవింగ్ ఊసెత్తక్కర్లేదు, ఫోర్‌మన్ ఉద్యోగానికి ఏ ఇబ్బందీ రాదు. చూసినదాన్ని నేనొక్కదాన్నే గనక నా మాట చెల్లేది. నేను మాత్రం, "అలాగా" అన్నాను. కొత్త సంగతి విన్నట్టు కళ్లు పెద్దవి చేసి మరీ అన్నాను.

మరుసటి రోజు ఒక్కదాన్నే కూర్చుని స్క్రిప్టులో ఖాళీ నింపాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. ఎన్నిక గురించి కూడా ఆలోచించలేదేమో ఆ క్షణాన. హాలు నవ్వుతుందని మాత్రం తెలుసు. కిందటేడు నన్ను చూసి నవ్విన హాలు ఈసారి ఆవిడను చూసి నవ్వుతుందని తెలుసు. రాసిన కాగితం చదివి వినిపిస్తే బ్యాంకు ఆయన తొడ చరుచుకున్నారు.

ఉగాది సభ సాయంత్రం హాలు నిండిపోయింది. ముందు వరుసల్లో కుటుంబాలు, వెనక లేబర్ క్యాంపుల నుంచి బస్సులో వచ్చిన మనవాళ్లు. రెండో వరుసలో కార్యదర్శిగారి భర్త, పక్కన అమ్మాయి. ఆవిడ స్టేజీ మెట్ల దగ్గర దండల పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నారు. నేను అందె మోగించి కథ ఎత్తుకున్నాను. కోట, సముద్రం, మహారాణి, దొరసాని. జనం మంచి పట్టున ఉన్నారు. దొరసాని పల్లకీ ఎక్కి గుడికి వెళ్తుంటే, కాదు నాయకుడి ఇంటికే వెళ్తోందని దాసీలు గుసగుసలాడే ఘట్టం వచ్చింది. రాజకీయం ఆవిడ గుమ్మెట ఆపింది.

"ఆగు తల్లీ ఆగు. ఆ కాలంలో పల్లకీ ఉంది, పరదా ఉంది. మన కాలంలో అయితే ఆ దొరసాని ఏమెక్కి వెళ్లేదంటావు?"

"ఏమెక్కి వెళ్తుంది చెల్లీ, తెల్ల పికప్" అన్నాను.

"ఏ వారమో, ఏ వేళో?" అన్నారు హాస్యం ఆయన.

"శుక్రవారం, మధ్యాహ్నం, మగమహారాజులు కునుకు తీసే వేళ."

తందాన తాన అని ముగ్గురం అందుకున్నాం. ముందు ఎడమ పక్కన నాలుగు వరుసలు నవ్వాయి. ఆ నవ్వు హాలంతా పాకింది. వెనక కూర్చున్న క్యాంపుల వాళ్లకు ఏమీ తెలియదు, అయినా అందరూ నవ్వుతున్నారని వాళ్లూ నవ్వారు. తలలు ఒక్కొక్కటే రెండో వరుస వైపు తిరిగాయి. కార్యదర్శిగారి భర్త తల వంచుకుని చేతిలో ఫోన్ చూసుకుంటున్నాడు. పక్కన అమ్మాయి అందరితో పాటే నవ్వుతోంది. అందరూ తమ వైపే చూస్తున్నారని గమనించి, నాన్న ముఖం చూసి, మెట్ల దగ్గర అమ్మను చూసి, నవ్వు ఆపేసింది. ఇదంతా నాకు స్టేజీ మీది నుంచి స్పష్టంగా కనిపించింది. నేను తాళం తప్పలేదు.

కథ ముందుకు నడిచింది. దొరసాని జుట్టు కత్తిరించే ఘట్టంలో నాకు నిజంగానే ఏడుపొచ్చింది, నటన కాదు. చూడని దాన్ని చూసినట్టు చెప్పకండయ్యా, ఒక ఆడమనిషి బతుకు మీ నోట్లో ఉందయ్యా అని ముగించాను. ముందు వరుసల్లో ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఇందాక నవ్వినవాళ్లే. వాళ్లకు గాని నాకు గాని ఆ రెండింటికీ పొత్తు కుదరడం లేదని అనిపించలేదు. ఎప్పుడో చచ్చిపోయిన దొరసాని కోసం అందరం కలిసి ఏడ్చి, రెండో అంతస్తు మనిషిని వదిలేశాం.

కళాకారులకు శాలువా కప్పడం కార్యదర్శి పని. ఆవిడ స్టేజీ మీదకు వచ్చారు. శాలువా నా భుజాల మీద సర్ది, చెంగు లాగి సరిచేసి, "బాగా చెప్పారండీ" అన్నారు. నేను ఫొటో కోసం నవ్వాను. ఆ ఫొటో ఇప్పటికీ సంఘం గ్రూపులో ఉంది. నేను డిలీట్ చేయలేను, ఎవరినీ చేయమని అడగలేను.

మర్నాటి పొద్దుటికల్లా పికప్ ముక్క మాత్రం కత్తిరించిన వీడియో ఫోన్లన్నీ తిరిగింది. ఆదివారం వాళ్లమ్మాయి ట్యూషన్‌కు రాలేదు. తర్వాత ఇంకెప్పుడూ రాలేదు. వారమంతా నేను మెట్ల మీద ఆవిడ ఎదురవకుండా లిఫ్ట్ వాడాను. శుక్రవారం జనరల్ బాడీలో ఆవిడ లేచి, ఇంటి పనుల వల్ల పోటీ నుంచి తప్పుకుంటున్నానని ఒక్క వాక్యం చెప్పి కూర్చున్నారు. చెప్పే ముందు ఒకసారి హాలంతా కలియజూశారు. నేను చీర కుచ్చిళ్లు సర్దుకున్నాను. మా ఆయన స్నేహితుడు ఏకగ్రీవంగా అధ్యక్షుడయ్యారు. నన్ను సాంస్కృతిక కార్యదర్శిగా వేశారు. వద్దనలేదు నేను. ఇంటికొచ్చి మా అమ్మకు ఫోన్ చేసి చెప్పుకున్నాను కూడా.

మూడు వారాలు పోయాక ఒక మధ్యాహ్నం బెల్ మోగింది. తలుపు తీస్తే ఫోర్‌మన్, రెండు చేతుల్లో రెండు నీలం క్యాన్లు.

"అమ్మా, గీ క్యాన్లు మీయేనట గదా. మేడం ఇచ్చి రమ్మన్నది. దుమ్ముపట్టినయని కడిగిన."

"ఇప్పుడంత తొందరేమొచ్చింది" అన్నాను, ఏదో ఒకటి అనాలి గనక.

"మల్ల నేనిటు రానమ్మా. ఎవలో చెప్పిన్రట, ముదీర్, గదే మా మేనేజర్, పిలిచి ఫోన్ల వీడియో చూపెట్టిండు. కంపెనీ బండి ఎవలకిచ్చినవ్ అని అడిగిండు. బండి గుంజుకున్నరు. ఫోర్‌మన్ పని తీసేసిన్రు. గిప్పుడు రుస్తాఖ్‌లనే, కాంక్రీట్ల డ్యూటీ."

"మరి ఏం చెప్పారు మీరు?"

"ఏం చెప్తనమ్మా. నేర్పుతున్న అంటే సార్‌ది గూడ నౌకరీ పోతది. తప్పయింది అన్న." ఆయన క్యాన్లు గుమ్మం లోపల జాగ్రత్తగా పెట్టాడు. "మేడం మాత్రం పాసయితదమ్మా. చేయి మంచిగ కుదిరింది. ఇగ స్లోప్ ఒక్కటి జూసుకుంటే అయిపాయె."

మంచినీళ్లు తాగమని అడిగాను. పరవాలేదమ్మా అని వెళ్లిపోయాడు. ఆ వీడియోలో గొంతు నాదేనని ఆయనకు తెలుసో తెలియదో ఇప్పటికీ నాకు తెలియదు. తెలిసి ఉండకూడదని ఆ రోజంతా కోరుకున్నాను. ఒక మనిషికి పని పోగొట్టి, నా గొంతు గుర్తుపట్టకపోతే బాగుండునని కోరుకున్నదాన్ని నేను. ఆ క్యాన్లు వంటింట్లో పెట్టుకోలేక, నీళ్లవాడు వచ్చినప్పుడు రెండూ ఇచ్చి పంపేశాను.

ఆ వేసవిలో ఫోర్‌మన్ వీసా కాగితాలు రెన్యూ చేయకుండా ఇంటికి పంపేశారని మా ఆయన ఆఫీసులో ఎవరో అంటే విన్నాను. అప్పుడైనా కింది అంతస్తుకు వెళ్లి తలుపు కొట్టాల్సింది. రెండుసార్లు మెట్లు దిగి, వాళ్ల గుమ్మం ముందు చెప్పులు చూసి, వెనక్కొచ్చాను. ఏడాది గడిచింది. మరుసటి ఉగాదికి నన్ను మళ్లీ కథ చెప్పమంటే గొంతు బాగాలేదన్నాను. అందులోనూ నిజం చెప్పలేదు.

పోయిన నెల ఒక మధ్యాహ్నం సూపర్ మార్కెట్ బయట రెండు సంచులతో నిలబడి ఉన్నాను. ఎండకు ఫుట్‌పాత్ కాలిపోతోంది. మా ఆయన మీటింగులో ఉన్నారు, టాక్సీ దొరకడం లేదు. చిన్న బూడిదరంగు కారొకటి వచ్చి పక్కన ఆగింది. అద్దం దిగింది. కార్యదర్శిగారు. ఇప్పుడు కార్యదర్శి కాదు, అయినా నాకు వేరే ఎలా పిలవాలో తెలియదు.

"ఎక్కండి, ఇంటికే కదా" అన్నారు.

వద్దనడానికి ఒక్క సాకూ తోచలేదు. సంచులు డిక్కీలో పెట్టి ముందు సీట్లో కూర్చున్నాను. ఆవిడ హాయిగా నడుపుతున్నారు. రౌండబౌట్ దగ్గర తొందరపడలేదు, భయపడలేదు. అమ్మాయి పరీక్షల గురించి రెండు మాటలు చెప్పారు. తర్వాత తనే అన్నారు, "ఆరో సారికి పాసయ్యానండీ. జగిత్యాల ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. ఊళ్లో ఆటో నడుపుకుంటున్నారట. మిఠాయి పంపండి మేడం అన్నారు."

నేను తలూపాను.

మా బిల్డింగ్ కింద రెండు పెద్ద బళ్ల మధ్య ఇరుకైన జాగా ఒకటే ఉంది. ఆవిడ ముందుకు పోయి, మెడ తిప్పి, ఒక్కసారికే వెనక్కి తీసి నిలబెట్టారు. ఇంజన్ ఆపి, స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉంచి కూర్చున్నారు.

"మీరు చూసేవారు కదండీ, ప్రతి శుక్రవారం. దుప్పటి వెనక నిలబడినా కింద మీ కాళ్లు కనబడుతుండేవి. ఎవరైనా ఒకరు చూస్తున్నారులే అని నాకు ధైర్యంగా ఉండేది."

నేను కిటికీలోంచి గోడ చూస్తున్నాను.

"ఆ గొడవప్పుడు మా ఆయన బెంబేలు పడిపోతే, కంగారు పడకండి, పైనావిడ అంతా చూశారు, అందులో ఏం లేదని ఆవిడే చెబుతారు అన్నాను. జనరల్ బాడీ దాకా ఎదురుచూశాం." ఆవిడ గొంతులో కోపం లేదు. "ఆ పికప్ మాట మీ చేత ఎవరో అనిపించారని నాకు తెలుసు. అన్నీ చూసిన మనిషి తనంతట తను రాయదు కదా. బ్యాంకాయన పనే అయ్యుంటుంది."

ఆవిడ దిగి డిక్కీ తీశారు. నా సంచులు రెండూ తనే అందుకుని, "పదండి, పైదాకా తెస్తాను, మీకు నడుంనొప్పి కదా" అంటూ లిఫ్ట్ వైపు రెండు అడుగులు వేశారు.

అవునని ఊరుకుంటే సరిపోయేది. బ్యాంకాయన మీదకు తోసేయడం ఎంత సులువో అప్పుడు కూడా నా బుర్రకు తట్టింది. ఆ ఒక్క రోజు మాత్రం ఊరుకోలేకపోయాను.

"నేనే రాశానండీ" అన్నాను. "ఎవరూ చెప్పలేదు. చూసి కూడా నేనే రాశాను."

ఆవిడ నిలబడిపోయారు. వెనక్కి తిరగలేదు. వంగి, సంచులు రెండూ ఒరిగిపోకుండా గోడకు ఆనించి కింద పెట్టారు. మెట్లెక్కి వెళ్లిపోయారు. రెండో అంతస్తులో తలుపు తీసి వేసిన చప్పుడు వినపడేదాకా నేను ఆ సంచుల పక్కనే నిలబడ్డాను.